వైరు పీకినా తలుపు దగ్గరే

"రైలు దిగాను అల్లుడుగారూ. పుస్తకాల కొట్టు పక్కన బెంచీ మీద కూర్చున్నా," అన్నారు ఫోన్లో మామగారు.

"నేనూ బయల్దేరాను మావయ్యగారూ. దారిలోనే ఉన్నా," అన్నాడు ఇంజినీరు, ఆఫీసులో వాషింగ్ మెషీన్ సర్క్యూట్ బోర్డు ముందు కుర్చీలోంచి అంగుళం కదలకుండా.

"తొందరేం లేదు, నెమ్మదిగా రండి."

గంటసేపు రైల్లో కూర్చుని వచ్చిన పెద్దమనిషి అంత శాంతంగా మాట్లాడేసరికి ఇంజినీరుకి గుబులు ఇంకాస్త పెరిగింది. మోకాళ్ల నొప్పులని అత్తగారు ఊళ్లోనే ఉండిపోవడం ఒక్కటే ఊరట. నాన్న ఈసారి కూడా స్టేషన్లో పడిగాపులు కాస్తే రాత్రికి మీరూ అక్కడే పడుకోండని భార్య పొద్దున్నే చెప్పేసింది. నాలుగింటికి కొనేవాళ్లొస్తున్నారు, మెషీన్ తిరగకపోతే ఉద్యోగం కోసం మీరు తిరగాల్సొస్తుందని మేనేజరు చెప్పాడు.

మెషీన్ తిరగడం లేదు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఎక్కడ ఇరుక్కుందో చూపించడానికి కంప్యూటర్లో డీబగ్గర్ ఉంది. అందులో కాల్ స్టాక్ అని ఓ చిన్న విండో. ప్రోగ్రాంలో ఒక్కో పనీ చూసుకునే ముక్క ఒక్కో ఫంక్షన్; ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో, ప్రోగ్రాం ఇప్పుడు ఎక్కడుందో అదే చెప్పాలి. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు ఆపి చూసినా దానిది ఒకటే పాట: తలుపు మూశారా లేదా అని చూసే ఫంక్షన్ దగ్గరున్నాను. ఇంజినీరు ఆ ఫంక్షన్‌ని మూడుసార్లు తిరగరాశాడు. తలుపుకి కొత్త స్విచ్చి వేశాడు. కాసేపు తలుపుని చేత్తో నొక్కి పట్టుకుని కూర్చున్నాడు కూడా.

మళ్లీ మామగారి ఫోన్. బ్రిడ్జి దాటానని చెప్పాడు ఇంజినీరు.

పక్క సీటు టెస్టింగ్ మేడమ్ కళ్లజోడు మీదుగా చూసింది. లేచి వచ్చి, బోర్డుకీ కంప్యూటర్‌కీ మధ్యనున్న వైరు పీకేసింది.

విండో చలించలేదు. తలుపు దగ్గరే ఉన్నానంది.

"చూశారా? ఇది ఇప్పటి సంగతి కాదు. పొద్దున ఎప్పుడో ఒకసారి ఆగినప్పటిది. ఆ తర్వాత కొత్తగా చదవడమే మానేసింది," అంది మేడమ్.

"అంటే ఎక్కడో ఉండి ఇంకెక్కడో ఉన్నానని చెబుతోందా? ఇలాంటిదాన్ని నమ్ముకుని మనిషి బతికేదెలా అండీ?"

ఫోన్ మోగింది.

"సిగ్నల్ దగ్గర ఆగాను మావయ్యగారూ."

మేడమ్ అతని ఫోన్ వంక ఓసారి చూసి వైరు మళ్లీ తగిలించింది.

డీబగ్గర్ మూసేసి, అది దాచుకున్న పాత సమాచారమంతా చెరిపేసి, బోర్డు రీసెట్ చేసి తెరిస్తే అసలు చోటు బయటపడింది. నీళ్లు నిండేదాకా ఆగే ఫంక్షన్. అందులో టైమర్ని మొదలుపెట్టడం మర్చిపోయారు. మర్చిపోయింది ఇంజినీరే. ఒక్క లైను రాశాడు. మెషీన్ గిర్రున తిరిగింది. మేనేజరు మెచ్చుకునేలోపే బండి తాళాలు అందుకుని మెట్లమీదికి ఉరికాడు.

పావుగంటలో స్టేషన్ చేరాడు. పుస్తకాల కొట్టు ఉంది. పక్కన బెంచీ ఉంది. బెంచీ మీద ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా రెండుసార్లు తిరిగి, ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, ఎక్కడున్నారు?"

"ఎక్కడికి పోతాను అల్లుడుగారూ? ఆ బెంచీ మీదే ఉన్నా. మీరింకా సిగ్నల్ దగ్గరేనా?"

ఇంజినీరు ఆ ఖాళీ బెంచీ మీద కూలబడి నోరు తెరిచేలోపే, ఫోన్లో వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది: "సిగ్నల్ దగ్గరన్నాడంటే ఇంకా ఆఫీసులోనే ఉన్నట్టు, నీళ్లు చల్లారిపోతున్నాయి, ముందు స్నానం కానివ్వండి."