చలికాలం మానేసిన మాత్ర

"రోజూ వేసుకుంటున్నానన్నారే! ఇవేంటి మరి?" భర్త కోటు జేబులో దొరికిన మాత్రలన్నీ మంచం మీద పోసింది హైమవతి.

వీరభద్రరావు మంకీ క్యాప్ సర్దుకున్నాడు. "షుగరు మాత్రలు మానలేదే. ఇవి రక్తాన్ని పలచన చేసేవి. అసలే బందరు రక్తం. ఇంకా పలచబడితే ఈ ఢిల్లీ చలిని తట్టుకోగలనా? హోలీ వెళ్లాక మొదలెడతా."

"షుగరున్నవాళ్లకి రక్తం గడ్డకట్టి గుండెకి అడ్డం పడొచ్చని డాక్టరు చెబితే తల ఊపారుగా!"

"ఆఫీసులోనూ అలాగే ఊపుతాను."

హైమవతి నవ్వలేదు. "చలేస్తే ఇంకో స్వెట్టరు అల్లుతాను. గుండె ఆగితే ఏం అల్లమంటారు?"

వీరభద్రరావు మంచం మీదికి వంగాడు. మాత్రలన్నీ గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"నీళ్లియ్యి. పెండింగంతా ఇవాళే క్లియర్ చేసేస్తా."

"ఒక్కటే!" మిగతావన్నీ లాక్కుంది హైమవతి.