నడిసముద్రానికి రెక్క

“ఇది కాదు తమ్ముడూ, చిన్నది తియ్యి,” అన్నాడు తండ్రి.

దుకాణదారు వినిపించుకోలేదు. బల్ల మీద పెట్టిన వెడల్పాటి హైడ్రోఫాయిల్ రెక్కనే తుడుస్తూ కూర్చున్నాడు. అలల మీద స్వారీ చేసే పలక అడుగున, నిలువు కమ్మీ చివర బిగిస్తారు దాన్ని. వేగం అందుకోగానే పలకను నీళ్ల మీంచి పైకి లేపుతుంది. పదేళ్లుగా కూతురి సామాను మోసీ మోసీ తండ్రికి ఈ విద్య అంతా నోటికొచ్చేసింది. నడిసముద్రంలో విరగకుండా పరుగెత్తే అలకి సన్నటి చిన్న రెక్కే కావాలి. పెద్దది పెడితే అల ముందుకెళ్లిపోతుంది, మనిషి వెనకబడతాడు. ఇంత తెలిసినా తను మాత్రం ఎన్నడూ పలక ఎక్కలేదు. నువ్వూ రా నాన్నా అని కూతురు చెయ్యి పట్టుకుని లాగినప్పుడల్లా, నువ్వు మానేశాక చూద్దాంలే అని తప్పించుకునేవాడు.

ఎనిమిది నెలలుగా కూతురు మంచం దిగలేదు. మందులు మార్చి మార్చి డాక్టర్లు చేతులెత్తేశారు. వాళ్ల ముందు తలూపి వచ్చి, కారులో కూర్చుని ఏడవడం అతనికి అలవాటైపోయింది. అలాంటిది, ఇవాళ పొద్దున్నే తనంతట తనే సముద్రం మాటెత్తింది. కొత్త రెక్క తీసుకురమ్మంది, దుకాణం బాబాయికి అన్నీ చెప్పానంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టై పరుగెత్తుకొచ్చాడు.

తీరా వస్తే ఈ బాబాయి ధోరణి ఇలా ఉంది. రాగానే ఇంకా ఈతకి వెళ్తున్నావా, మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని కుశలప్రశ్నలు. పిల్ల ఎలా ఉందని మాట వరసకైనా అడగలేదు.

“అల వేగంగా ఉన్నా సరే అన్నయ్యా, కొత్తగా ఎక్కేవాళ్లని తొందరగా లేపే రెక్క కావాలి.”

“కొత్తగానా? దాన్ని పదహారో ఏట ఎక్కించింది నువ్వే కదా?”

దుకాణదారు మళ్లీ రెక్క తుడవడంలో పడ్డాడు.

తండ్రికి ఒళ్లు మండిపోయింది. డాక్టర్ల సంగతి సరే, బాబాయ్ అని నోరారా పిలిపించుకున్నవాడు కూడా ఆశ వదిలేశాడన్నమాట. పిల్ల లేవదని, లేచినా మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టాల్సిందేనని తీర్మానించేశాడు.

“అది నలభై మూడు కిలోలకి వచ్చేసింది,” అన్నాడు. “ఇంత రెక్క మీద నిలబెడితే ఆ వేగానికి ఎగరేసి పడేస్తుంది. బరువు చూడకుండానే అమ్ముతున్నావా?”

“చూసే తీశాను అన్నయ్యా.”

రెక్క కొనేవాళ్లెవరైనా ముందు ఓ ఫారం నింపాలి. కూతురు నిన్ననే నింపి పంపిందట. దుకాణదారు తన ఫోను బల్ల మీద పెట్టి, మెల్లగా అతని వైపు జరిపాడు.

అలలు ఎలాంటివి అన్న చోట ‘వేగమైనవి, విరగనివి’ అని రాసింది. తండ్రి కళ్లజోడు సవరించుకుని కింది వరస చదివాడు.

‘ఎక్కేది: మా నాన్న.’