తాతగారి తైలచిత్రం

జనార్దనరావుగారికి అర్జంటుగా ఒక తాత కావలసి వచ్చాడు.

రేపల్లెలో ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. కొత్తగా కట్టిన మేడ ఉంది. కూతురు స్నేహకు బాపట్ల నుంచి మంచి సంబంధం వచ్చింది. పిల్లలిద్దరికీ ఇష్టమే. అబ్బాయి పెదనాన్న బసవలింగంగారి దగ్గరే ఆగింది. ఆయన రిటైరైన ప్రొఫెసరు, యూరప్ మ్యూజియాలన్నీ తిరిగొచ్చిన మనిషి. పిల్ల చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు. మీ పెద్దలెవరండీ అని మాత్రం ఫోను చేసినప్పుడల్లా అడుగుతున్నారు.

తాత ఏం చేసేవాడో జనార్దనరావుగారికి బాగా తెలుసు. అందుకే తెనాలి వెళ్లారు.

అక్కడ రుక్సార్ అనే అమ్మాయి రంగుల బొమ్మలు గీస్తుంది. కాలేజీలో చిత్రకళ చదివి వచ్చింది. కానీ చనిపోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి గీయడం, ఫ్లెక్సీలు తయారుచెయ్యడం తప్ప చెప్పుకోదగ్గ పని ఇంతవరకూ చేతికి రాలేదు.

జనార్దనరావుగారు తన కోరిక చెప్పారు. జమీందారు కావాలి. పాత యూరప్ బొమ్మల్లోలా సగం మొహం చీకట్లో ఉండాలి. తలపాగా అంచుకు తంజావూరు పటాల్లోలా బంగారు రేకు అంటించాలి. మీసం దట్టంగా ఉండాలి. మొత్తానికి తాతల నాటిదిలా కనిపించాలి.

"ఫొటో ఇవ్వండి బాబాయిగారూ," అంది రుక్సార్.

"ఫొటో ఉంటే నీ దగ్గరికెందుకొస్తానమ్మా?"

ఆమె ఊహించి గీసింది. మొదటి తాత సినిమా విలన్‌లా వచ్చాడు. రెండో తాత క్యాలెండరు దేవుడిలా వచ్చాడు. జనార్దనరావుగారు ఇద్దర్నీ వద్దన్నారు. చూడగానే లేచి నిలబడాలనిపించాలన్నారు. రుక్సార్‌కూ పట్టుదల పెరిగింది. రంగులు, కాన్వాసు సర్దుకుని కొన్నాళ్లు సొంత ఊరు వేటపాలెం వెళ్లింది.

ఈసారి తాత కుదిరాడు. ఎడమ రెప్ప కాస్త వాలి ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. ఎదుటివాడు చెప్పేదాంట్లో సగం అబద్ధమని ముందే తెలిసినట్టుంది ఆ చూపు. కుర్చీ మీద ఆనించిన చేతికి వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. పైన రెండు రకాల వార్నిషు ఒకదాని మీద ఒకటి పూసి ఆరబెడితే సన్నటి పగుళ్లు తేలి, బొమ్మకు వయసొచ్చేసింది.

జనార్దనరావుగారు ఆ పటం ముందుకొచ్చి నిలబడ్డారు. తర్వాత చెప్పులు విప్పారు.

పెళ్లిచూపుల రోజు పటం హాల్లో వేలాడింది. పాత బొమ్మలు శుభ్రం చేసే అమ్మాయి అని చెప్పి రుక్సార్‌నూ పిలిపించారు. జనార్దనరావుగారి తల్లి ఆండాళమ్మ గదిలోంచి వచ్చి, సోఫాలో కూర్చోబోతూ పటం చూసి, మామగారి ఎదురుగా కూర్చోకూడదని నిలబడిపోయింది. ఆ ముక్కే స్నేహకు వచ్చిందని కూడా అంది.

బసవలింగంగారు కళ్లజోడు మార్చుకుని దగ్గరికి వెళ్లారు. వెలుగు ఒక్క పక్క నుంచే పడటం డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పద్ధతి అన్నారు. ఏ తెల్లదొర దగ్గరో పని నేర్చినవాడు గీసుంటాడన్నారు. పగుళ్లను బట్టి డెబ్బై ఏళ్లకు తక్కువుండదన్నారు. వాలిన రెప్ప తుపాకీ గురిచూసి చూసి వచ్చిందట. నల్లటి వేళ్లు దస్తావేజులు రాసిన సిరావట.

"ఈయన ఒకరి ముందు చెయ్యి చాచిన మనిషి కాదండీ," అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

జనార్దనరావుగారి కళ్లు చెమ్మగిల్లాయి. చిన్నప్పుడు తాతగారు తనను గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవారని చెప్పారు. చెబుతుంటే ఆయనకే ఆ గుర్రం రంగు గుర్తొచ్చింది.

బసవలింగంగారు రుక్సార్ వైపు తిరిగారు.

"శుభ్రం చేసేటప్పుడు మొహం మీదేమన్నా మార్చావా అమ్మా?"



"లేదండి. మొహం ఉన్నది ఉన్నట్టే ఉందండి," అంది రుక్సార్.

బసవలింగంగారు తృప్తిగా తలాడించారు. ఇలాంటి ఇంటి పిల్ల తమ గడప తొక్కడం తమ అదృష్టమన్నారు. అక్కడికక్కడే తాంబూలాలు మార్చుకున్నారు. స్నేహ, ఆ అబ్బాయి పటానికి పూలదండ వేసి నమస్కరించారు. వాళ్ల వెనక పెద్దలందరూ వరసగా చేతులు జోడించారు.

మీసం, తలపాగా తీసేస్తే ఆ పటంలో ఉన్నది, వేటపాలెంలో ముప్పై ఏళ్లు జీడిగింజలు కొట్టి వేళ్లు నల్లబడిన రుక్సార్ వాళ్ల నాయనమ్మ హమీదా.