పగలు కట్టే బీవర్లు

"మళ్ళీ కట్టేశాయే, సైమా! మళ్ళీ కట్టేశాయి దొంగ వెధవలు!"

గొడ్లపాక దగ్గర మొదలైన ఆర్వో అరుపు వాగు దాకా సాగింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. తొడల దాకా రబ్బరు బూట్లు, భుజాన పొడుగు కర్రకు బిగించిన ఇనప కొక్కెం. నిన్న పొద్దున ఒక్క పుల్ల మిగలకుండా పీకి పారేసిన కట్ట, ఇవాళ మోకాలెత్తున నిలబడి ఉంది. వెనక నిండిన నీళ్ళు గడ్డి చేలోకి పాకుతున్నాయి.

"పెర్కెలే!" అన్నాడు. ఫిన్లాండు నుంచి వాళ్ళ తాతలు మిన్నెసోటా అడవికి మోసుకొచ్చిన తిట్లలో అదే పెద్దది. కొక్కెం కొమ్మల్లోకి దించి, పళ్ళు బిగించి లాగాడు.

పళ్ళతో చెట్లు కొరికి పడేసి, వాగుకు అడ్డంగా కట్ట కట్టి, జనం పొలాలు ముంచే ఆ బీవర్ జాతంటేనే అతనికి ఒళ్ళు మంట. అసలు ఆ మంటే అతన్ని మంచం మీంచి లేపింది.

నిరుడు చలి మొదలయ్యే ముందు ఆవులన్నిటినీ అమ్మేశారు. ఆ మర్నాడే ఆర్వో మంచమెక్కాడు. చలికాలమంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "రోగమేమీ లేదమ్మా. కానీ లేచి తిరక్కపోతే మాత్రం ఈ మనిషి నీకు దక్కడు" అని డాక్టరు అతని భార్య సైమా మొహం మీదే చెప్పేశాడు. సైమా బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఉలకలేదు పలకలేదు. ఏప్రిల్లో చేను మునిగిందని తెలిసిన రోజున మాత్రం దుప్పటి తన్ని లేచాడు.

బీవర్లను పట్టే రెయినో వచ్చి బోనులు పెట్టాడు. ఐదు దొరికాయి. వాగు పారింది. ఆర్వో మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఆరో రోజున కట్ట లేచింది. ఆర్వో కూడా లేచాడు.

అప్పటి నుంచి ఇదే వరస. పొద్దున్నే పీకుడు. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటల నిద్ర, నిమిషం అటూ ఇటూ కాదు. సాయంత్రం వచ్చి చూస్తే కట్ట లేచి ఉంటుంది. మళ్ళీ తిట్లు.

సైమా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. ఎడమ చేతికి తోటపని గ్లౌజు ఉంది. కుడి చెయ్యి బోసిగా ఉంది.

"గొంతు చించుకోకు. అడవంతా వినబడుతోంది."

"విననీ! నీ రెండో గ్లౌజు ఏదే?"

"బంగాళదుంపల మడిలో ఎక్కడో పడిపోయింది. మూడు వారాలై వెతుకుతున్నా."

"నీ మతిమరుపు తగలెయ్య! రేపు నన్ను కూడా ఎక్కడో పెట్టి మర్చిపోతావు."

"నిన్నెవరు ఎత్తుకుపోతారు గానీ, కాఫీ తాగు ముసలోడా."

ఇంతలో రోడ్డు మీద ట్రక్కు ఆగింది. రెయినో దిగాడు.

"ఆర్వో బాబాయ్! నీ తిట్లు వినలేక వచ్చాను. బోనులు తెచ్చా."

"నిన్నెవడు పిలిచాడు?"

"అది కాదు బాబాయ్. ఏప్రిల్లో మొత్తం తుడిచిపెట్టేశాను కదా, ఇవెక్కడివి? పైగా పగలే కడుతున్నాయని ఊళ్ళో చెప్పావట. బీవర్లు పొద్దుగూకితే గానీ పనిలోకి దిగవు."

"నా వాగు బీవర్లు పగలే కడతాయి. వాటి ఇష్టం. మధ్యలో నీకేంటి నొప్పి?"

రెయినో నవ్వుతూ కట్టలోంచి ఒక కొమ్మ లాగాడు. దాని కొన చూశాడు. నవ్వు పోయింది.

"బాబాయ్, ఇది పంటి గాటులా లేదే. చూడు, ఎంత నున్నగా ఉందో..."

సైమా చేతిలో ఫ్లాస్కు మూత జారి కిందపడింది.

ఆర్వో ఆ కొమ్మను విసురుగా లాక్కుని నీళ్ళలోకి గిరాటేశాడు. మొహం జేవురించింది.

"నాకు పాఠాలు చెప్తావురా? నువ్వు లాగులో ఉచ్చ పోసుకునే రోజుల నుంచీ చూస్తున్నాను బీవర్లని! నా చేలో బోను పెట్టావంటే ఈ కొక్కెం నీ వీపులో దింపుతా. నడు ఇక్కణ్ణించి!"

"సాయం చేద్దామని వస్తే ఇదేం ఖర్మ పిన్నీ" అని గొణుక్కుంటూ రెయినో వెళ్ళిపోయాడు.

సైమా వంగి మూత తీసి, వాగులో కడిగింది. అందులో కాఫీ పోసి అతనికిచ్చింది.

"పాపం, మంచికే వచ్చాడు. అంత కోపం దేనికి?"

"రాదా మరి కోపం? నేను పీకి పడేసిన కొమ్మల్నే మళ్ళీ మోసుకొచ్చి పేరుస్తున్నాయి. వాటి నడుములేం కావాలి, బుద్ధి లేకపోతే సరి!"

ఈమధ్య అతను కొమ్మల్ని దూరంగా విసరడం మానేశాడు. గట్టు పక్కనే పడేస్తున్నాడు. వయసు మరి.

"రేపు కూడా కడతాయంటావా?" అంది సైమా, నీళ్ళకేసి చూస్తూ.

"కట్టక చస్తాయా, మొండి ఘటాలు! కట్టనీ. నేను పీకుతా. అవో నేనో తేలిపోవాలి."

"సరే, తొందరగా రా. తిని పడుకుందువుగాని."

ఆమె గొడ్లపాక మలుపు తిరిగేదాకా ఆర్వో తిడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నోరు మూసుకుని, ఒకసారి ప్యాంటు జేబు తడిమి చూసుకున్నాడు.

మూడు వారాల కిందట ఈ కట్ట నడుమ, కర్రల సందున మెత్తిన బురదలో తనకు దొరికిన సైమా కుడిచేతి గ్లౌజు అందులో భద్రంగానే ఉంది.