పాట విన్నందుకు గడ్డిపోచ

రేగుపొదల్లో ఉండే పిగిలిపిట్టకి పొద్దస్తమానం పాడటమే పని. గూడు కట్టుకునే తీరిక ఎక్కడిది? అందుకే ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉండేది. పాట విన్న పిట్టల్లా పోతూ పోతూ దాని గూటికి ఒక గడ్డిపోచ ఇచ్చి పోవాలి.

గోరింక మాత్రం గడుసుది. ఒకసారి వింటే చాలు, పాట నోటికి వచ్చేసేది. "నా తొర్రలో నాకోసం పాడుకుంటే ఎవరి సొమ్మేం పోయింది? ఆవిడ పాటేమన్నా అరిగిపోతుందా?" అనుకుని పొదల వైపు వెళ్లడమే మానేసింది. దాన్ని చూసి మిగతా పిట్టలూ అదే దారి పట్టాయి.

వానలు మొదలయ్యాయి. రెండు రోజులుగా పిగిలిపిట్ట గొంతు వినబడలేదు. గోరింకకి మనసు ఆగలేదు. ఒక గడ్డిపోచ కరుచుకుని వెళ్లింది. సగం కట్టిన గూటిలో పిగిలిపిట్ట తడిసి ముద్దై కూర్చుని ఉంది.

గోరింక గడ్డిపోచని దాని ముందు పెట్టి, "తప్పైపోయిందక్కా, నీ గడ్డి ఎగ్గొట్టాను," అంది.

"గడ్డిదేముందే! ఎవరూ రాకపోయేసరికి, నా పాట ఇక ఎవరికీ నచ్చట్లేదేమో అనుకున్నాను."

"నచ్చకపోవడమా! రోజూ నీ పాట పాడుకోందే నాకు నిద్ర పట్టదక్కా," అంటూ గోరింక అక్కడే అందుకుంది. మొదట్నుంచి చివరిదాకా ఒక్క గమకం కూడా జారనివ్వలేదు.

పిగిలిపిట్ట కళ్లు మూసుకుని వింది. పాట అయ్యాక తన సగం గూటిలోంచి ఒక గడ్డిపోచ లాగి గోరింక ముందు పెట్టింది.

"ఇదేంటక్కా?"

"పాట విన్నాను కదే."