ఏడో కాపీ

“ఎంతకొచ్చిందమ్మా?”

ప్లాస్టర్ బాబాయి తలుపు దగ్గర్నుంచే కేకేశాడు. ఆ కట్టుడుపళ్ల ల్యాబులో ఇరవయ్యేళ్లుగా అచ్చులు పోస్తున్న మనిషి. చేతులకు ఎప్పుడూ తెల్లపొడి ఉంటుంది, నోటికి ఎప్పుడూ తీరిక ఉండదు.

“నా రెండు నెలల జీతం దాటింది. ఆ పాతచెవి గాడు వదలట్లేదు” అంది ఆమె, పళ్లు అరగదీసే తన బల్ల దగ్గర ఫోన్ చూస్తూ.

పాతచెవి అంటే ఆన్‌లైన్ వేలంలో ఎదుటివాడు పెట్టుకున్న పేరు. అసలు మనిషెవరో ఆమెకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఇప్పటికి ఆరుసార్లు జోరీగలా వెంటపడ్డాడు, ఆరుసార్లూ ఓడిపోయాడు.

“పోనీ వాడికి వదిలెయ్యి. నీ దగ్గర ఆరున్నాయిగా! అదే రికార్డు, అవే పాటలు. ఏడోది ఏం చేసుకుంటావు, నెత్తిన పెట్టుకుంటావా?”

“ఇదే ఆఖరిది బాబాయ్.”

నిజమే. ఆ జాజ్ రికార్డు వేసిందే వంద. గోడౌనులోకి నీళ్లొచ్చి తొంభైమూడు పాడైపోయాయి. మిగిలినవి ఏడేనని రికార్డులు సేకరించేవాళ్లందరికీ తెలుసు. అట్ట మీద చేత్తో వేసిన నంబర్లు కూడా వాళ్లకు కంఠస్థం.

లంచ్ డబ్బా పక్కకు నెట్టి, ఆమె ఫోన్ దగ్గరకు లాక్కుంది. ముందే కొడితే ఎదుటివాడు తేరుకుంటాడు. సరిగ్గా ఆరు సెకన్లుండగా కొత్త అంకె కొట్టింది. వేలం ముగిసింది.

“దొరికింది!” అని బల్ల మీద గుద్దింది. ఆరబెట్టిన పళ్లసెట్లు గలగలమన్నాయి.

నిమిషం తిరక్కుండా పాతచెవి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. “నమస్కారం. గెలిచింది మీరే, కాదనను. కానీ ఈ రికార్డులోని పాటలు ఇంకెక్కడా దొరకవు. రెండోవైపు చివరి పాట ఒక్కటి ఫోన్‌లోకి ఎక్కించి పంపండి. మీరెంతంటే అంత ఇస్తాను. పెద్దవాణ్ణి, బతిమాలుతున్నాను.”

“కుదరదు” అని రాసి పడేసింది.

“పాపం, అంత బతిమాలుతుంటే...” అన్నాడు ఫోన్‌లోకి తొంగిచూసిన బాబాయి.

“పాపమా? వాయించినవాడి మీద అంత మోజున్నవాడు నాకు చుట్టమెలా అవుతాడు బాబాయ్?”

బాబాయికి అర్థం కాలేదు. సంగీతం పిచ్చి ముదిరిందనుకుని ఊరుకున్నాడు.

గురువారం పార్సిల్ వచ్చింది. పళ్లలో సన్నపగుళ్లు వెతికే భూతద్దం కన్నుకు పెట్టుకుని, రికార్డు మధ్యలో లేబుల్ చుట్టూ గీకిన నంబరు చదివింది. నకిలీ కాదు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లు అరగదీసే మిషను ఆన్ చేసింది.

“అయ్యయ్యో! ఏం పనే తల్లీ అది!”

బాబాయి పరుగెత్తుకొచ్చేసరికే రికార్డు అడ్డంగా చీలింది. ఆమె ఆగలేదు. ముక్కలు ముక్కలుగా కోసి, మధ్యలో గుండ్రటి లేబుల్ మాత్రం జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది. నల్లపొడి బల్లంతా పడింది.

“మిగతా ఆరూ?”

“వాటికీ ఇదే పెళ్లి చేశాను.”

“మతిపోయిందా నీకు?”

“ఈ ట్రంపెట్ ఊదిన మహానుభావుడు మా నాన్న, బాబాయ్. నేను కడుపులో ఉండగా మా అమ్మను వదిలేసి బ్యాండుతో ఊళ్లు పట్టిపోయాడు. రికార్డు అచ్చయి రాగానే వస్తానన్నాడట. రికార్డొచ్చింది, ఆయన రాలేదు. పోయినేడు చచ్చాడు. పేపర్లో అరపేజీ పొగిడారు! మా అమ్మ లాండ్రీలో ముప్పయ్యేళ్లు ఇస్త్రీ చేసి, వేళ్లు వంకర్లు పోయి మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతుంటే, ఆయనకు అరపేజీ!”

“చచ్చినవాడి మీద పగేంటమ్మా?”

“ఆయన ఊపిరి ఇంకా ఇందులో ఉందిగా.”

బాబాయి చీపురు తెచ్చి బల్ల మీది నల్లపొడి ఊడ్చాడు.

చిన్నప్పుడు ఒక్కసారి ఆమె ఆ రికార్డు గురించి తల్లిని అడిగింది. తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, “దాని ఊసెత్తకు” అంటూ ఏడ్చింది. ఎన్ని కష్టాల్లోనూ ఏడవని మనిషి. ఆ కన్నీళ్లు ఆమెకు ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయాయి. కసి తీరాలంటే ఆ రికార్డు భూమ్మీద ఉండకూడదని ఆనాడే అనుకుంది.

సాయంత్రం తిన్నగా ఇంటికెళ్లింది. తల్లి కిటికీ దగ్గర కుర్చీలో, వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆ చేతులు తుడిచి, ఒళ్లో ఏడు గుండ్రటి లేబుళ్లు పరిచింది.

“ఏంటే ఇవి?”

“నీ ఉసురు ఊరికే పోలేదమ్మా. ఆయన రికార్డు ఇక లోకంలో ఒక్కటి కూడా లేదు. ఏడూ కొన్నాను, ఏడూ కోసిపారేశాను.”

తల్లి లేబుళ్ల మీదికి వంగి ఒక్కొక్కటే చూసింది. సంతోషంతో చూస్తోందనుకుంది ఆమె.

“కొయ్యబోయేముందు ఒక్కటైనా విన్నావా?”

“ఛీ! ఆయన ఊదుడు నేనెందుకు వింటాను?”

“రెండోవైపు చివరి పాట కూడా?”

“ఏదీ వినలేదమ్మా. ఇక ఎవరూ వినలేరు కూడా. చాలా?”

తల్లి వంకరపోయిన చూపుడువేలిని లేబుల్ మీద ఆనించింది. అక్కడ తండ్రి పేరు పెద్దక్షరాల్లో ఉంది, దాని కింద చిన్నగా ‘మరియు బృందం’ అని ఉంది.

“వాళ్లెవరి పేర్లూ వెయ్యలేదు చూశావా?” అంది తల్లి.

“ఎవరైతే మనకెందుకమ్మా?”

“ఆ చివరి పాటలో పియానో వాయించింది నేనే.”