తగ్గని తిమ్మిరి

"బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఈ మూడే కదా తిమ్మిరెక్కేది?" ఫోన్‌లో అడిగింది స్పందన.

"గవే బిడ్డా. చిటికెనవేలు మంచిగనే ఉన్నది," అన్నాడు సోమలింగం.

లాక్‌డౌన్‌తో తను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్ మూతపడిన నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఇదే మాట. నగరంలోని ఖటోదరా పేటలో మరమగ్గాలు నడిపే మనిషి ఆయన. తెగిన పోగులు అతికీ అతికీ మణికట్టులో నరం నలిగిపోయింది. మగ్గాలు ఆగి చేతికి విశ్రాంతి దొరికినా, రాత్రిళ్లు పట్టీ కట్టుకుంటున్నా తగ్గట్లేదంటాడు. స్వయంగా చూద్దామంటే ఆయనది మామూలు ఫోను, వీడియో రాదు.

"మణికట్టు వంగకుండా పడుకుంటున్నారా?"

"పండుకుంటున్న. నువ్వు తిన్నవా?"

"ఇంకా లేదండీ."

"ఏం వండినవ్?"

ఇక ఆ మాటా ఈ మాటా సాగేవి. ఆమె అన్నీ చెప్పేది. ఆయన మాత్రం తన ఇంటి ఊసెత్తేవాడే కాదు. పాపం, పలకరించే దిక్కులేనివాడు కాబోలు అని జాలిపడేది స్పందన. నగరం చివర కామ్‌రేజ్‌లోని ఫ్లాట్‌లో ఆమెతో కలిసి ఉండే అమ్మాయి ఎప్పుడో ఊరెళ్లిపోయింది. ఫోన్ పెట్టేశాక ఆ ఇల్లు భరించడం కష్టంగా ఉండేది. అయినా తన దిగులు రోగుల దగ్గర వెళ్లబోసుకునే రకం కాదామె.

ఆ రోజు మాత్రం గట్టిగానే చెప్పింది.

"ఇక ఆలస్యం చేయకూడదండీ. బొటనవేలి కింద కండ కరిగిపోతే మళ్లీ పోగు పట్టుకోలేరు. పెద్ద డాక్టరుతో మాట్లాడాను. రేపు చూసి, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు."

స్పందనకు భయం వేసింది. తన వైద్యాన్ని నమ్ముకున్నందుకు ఆయన బతుకుతెరువే పోతుందేమో.

"ఆపరేషన్ ఎందుకు బిడ్డా, జర ఆగుదాం," నసిగాడాయన.

"ఆగితే చెయ్యి పోతుంది."

ఆయన చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్నారు. ఆడగొంతు వినిపించింది.

"నేను పోశమ్మను, ఆయన భార్యను. కోతగీత ఏం వద్దమ్మా. చెయ్యి ఎప్పుడో మంచిగైంది. పొద్దుగాల నీళ్లబిందెలు గూడ ఆయనే మోసిండు."

ఆయనకు భార్య ఉన్న సంగతే స్పందనకు తెలియదు.

"మరి తగ్గలేదని రోజూ ఎందుకు చెప్పారు?"

పోశమ్మ గొంతు తగ్గించింది.

"నీకు మాట్లాడేటోళ్లు ఎవ్వలు లేరని."